చెంగమాంబ కోఁతకత్తి

వైశాఖమాస శుక్లపక్షమున సూర్యుఁ డింకను బూర్వాద్రిశిఖరమునకుఁ దల యెత్తకమునుపే వేఁడిగాలి యెండిన పినాకినీసైకతములమీఁది సన్నని యిసుకను రేఁపి కొండమానిపాళెపు వీధులలోఁ జల్లుచుండఁగా, చూతపల్లవతోరణకదళీస్తంభాలంకృతమై పసుపునీళ్ల కల్లాపిచే నేలయెల్లఁ బచ్చవాఱియున్న చెంగమాంబ మంటపమునుండి డోలుసన్నాయిల మ్రోఁత బయలువెడలి యెగువవీధి దిగువవీధి యను రెండు సాలెవీధులను నిద్దుర లేపెను. పందిరిగుంజలమీఁదఁ గూర్చున్న కాకులు లేచిపోయెను. అరుఁగులమీఁదఁ బరున్న ముసలివారు లేచి కూర్చుండి మంటపమువంకఁ జేతులు జోడించిరి.

ఆ దినము చెంగమాంబ యారాధన. నేఁతపని కులవృత్తిగాఁ గల యా యూరివారికిఁ బండుగ లెన్ని యున్నను బండుగ యనఁగా నదియే. ఆఁడువారు తలంటుకొని తడియాఱని కురులలో మరువము దుఱిమికొని యింటి కొక నూలుచిలప చేతఁ బట్టుకొని మంటపమునకు బయలుదేఱుదురు. ఆ నూలుతో సూర్యోదయమున మొదలిడి సూర్యాస్తమయములోపల నమ్మకుఁ జీర నేయవలెను. రెండు వీధుల నేఁతకాండ్రును వంతులు వేసికొని యొకరి చేతినుండి యడ్డపోఁగు నడపు నాడె నొక రందుకొనుచు నేయుదురు. పిల్లలకు బెల్లపుఁ బానకము; పడుచువారికి సరసము; ముసలివారికి నిరుటి నేఁతయే బాగుండెనని వంకలు పెట్టు వేడుక. ఇట్లు ప్రతియేఁడును సాగెడి యుత్సవ మా యేఁడు మాత్రము నోరు నొక్కినట్లుండెను. డోళ్లు మ్రోఁగుచున్నవి గాని యెవరి మొగమునను నవ్వు లేదు. ఎగువవీధివా రొకవైపునను దిగువవీధివా రొకవైపునను నిలిచి నడుమ బండి పోవునంత చోటు విడిచిరి. విడువుఁడని వారి కెవరును జెప్పలేదు.

ఏల విడిచిరో తెలియవలెనన్నఁ జెంగమాంబ కథ కొంత తెలియవలెను. అది చల్లని కథ కాదు. ముందుగనే చెప్పుచున్నాను, గుండె దిటవు లేనివారు చెవులు మూసికొనవచ్చును.

పాలెగాండ్రు సీమ నేలుచున్న దినములలోఁ జెంగమాంబ యెగువవీధి గుంటవారింటి కోడలు. ఆమె పెనిమిటికిని దిగువవీధి కోఁతవారింటి మగవానికిని దొర తలపాగ నేయు గౌరవ మెవనిదను పంతము పుట్టి ముదిరెను. ఒకనాఁటి మధ్యాహ్నమున నామె పెనిమిటి మగ్గపుగుంటలోఁ గాళ్లు దించుకొని తల వంచి నాడె యాడించుచుండఁగా వెనుకనుండి వచ్చిన కోఁతవాఁడు బట్ట కోయు కత్తితో నాతని మెడ నఱకెను. తల పడుగుమీఁదికి వ్రాలెను. తెల్లని నూలు బెత్తెఁడు బెత్తెఁడుగా నెఱ్ఱవాఱుచుండ నింటిలోనుండి పరుగెత్తివచ్చిన చెంగమాంబ యేడ్వలేదఁట. పెనిమిటి కళేబరమును బంధువుల చేతులలోఁ బెట్టి తా నా గుంటలోఁ గూర్చుండి ప్రొద్దు క్రుంకులోపల నా బట్టను ముగించినదఁట. అంతలో నూరివారు హంతకునిఁ దాళ్లఁ గట్టి యీడ్చుకొని వచ్చి యా కత్తినే యామె చేతి కిచ్చి పగ తీర్చుకొమ్మనిరి. ఆమె వాని మెడపైఁ గత్తి నానించి వాఁత తేలువఱకు నదిమి యదిమి తుదకుఁ బగ విడిచి యొక్కమాట పలికెను. "ఓర్చితిని నాయనా. గుడ్డ కోయుము." వాఁడు కట్లు విప్పించుకొని యా నెత్తుటిబట్టను గోసి యామె పాదములకడ నుంచి నాఁటినుండి బ్రదికినన్నాళ్లు నామెకు బంటై పడియుండెను. ఆ మహాసాధ్వి యటుపిమ్మట రెండువీధులకును దల్లియై యాఁకలిగొన్నవారి కన్నము పెట్టి తగవులు తీర్చి తత్త్వములు పాడి యెల్లవారును జూచుచుండఁగా నా గుంటయందే సమాధి వహించెను. ఆ గుంటచుట్టు కట్టినదే యిప్పటి మంటపము.

నాఁటి చేఁతయే తరువాతివారి కాచారమయ్యెను. ఏఁటేఁట నారాధననాఁడు చీర ముగిసినపిదప గుంటవారింటి పెద్దకోడలు కోఁతకత్తి చేతఁ బట్టును. కోఁతవారింటి పెద్దకొడు కామె ముందు మోకరించి మెడ వంచును. ఆమె కత్తిని మెడపైఁ బెట్టి యెఱ్ఱని వాఁత తేలువఱకు నదిమి యమ్మ పలికిన మాటనే పలికి కత్తి వాని చేతి కిచ్చును. వాఁడు గుడ్డ కోయ మొదలిడఁగానే మంటపములోనివారును వీధిలోనివారును బిన్న పెద్ద యనక యెక్కడివా రక్కడ నేలపైఁ గూర్చుండి నోరు మెదపక యుండవలెను. కోఁత ముగిసినపిమ్మట నందఱును వచ్చి వాని మెడమీఁది వాఁతను జూతురు. వాఁత యెంత లోఁతైన నోర్పంత నిజమని వారి నమ్మకము. తేలికగా నున్నచోఁ గోడలి మనసులో నింకను నేదో మిగిలియున్నదని ముసలమ్మలు చెవులు కొఱుకుకొందురు. అందుచేత గుంటవారి కోడండ్రు బలముకొలఁది యదుముట కలవాటుపడిరి. ఇన్ని తరములనుండి యదిమినను నెవరి మెడయుఁ దెగకుండుటకుఁ గారణ మొక్కటియే. అమ్మ చేయి విడిచిన నాఁటినుండి యా కత్తికి సానఱాయి చూపరు. అది మొద్దువాఱి గరిటకాడవలె నుండెను. దానితోఁ జీర కోయుటకుఁ గోఁతవాఁడు చెమటలు గ్రక్కవలసినదే.

ఈ యేఁడా కత్తిఁ బట్టవలసినది గుంటవారింటి పెద్దకోడలు వెంగళమ్మ. ఏఁబదియేండ్లు దాఁటిన విధవ; పొడుగరి; తక్కువ మాటలది. ఆమె కొక్కఁడే కొడుకు పెంచలయ్య. కడచిన కార్తికమున నొక యుదయమున వాఁ డూరివెలుపలి తోపులో గుంజలు పాతి పడుగు సాఁచి గంజి పట్టించుచుండెను. పడుగు సాఁచు నా చోటు మాదన్న మాదని రెండు వీధులకును బాఁతకాలపు పోరు గలదు. కోఁతవారింటి చిన్నవాఁడు ఓబుళప్ప, కల్లు త్రాగకయే త్రాగినట్లు మాటలాడు దుడుకువాఁడు, తన యెద్దులబండి నా పడుగుమీఁదుగాఁ దోలెను. నెల్లాళ్ల కష్టము చక్రములక్రిందఁ బోఁగుపోఁగుగాఁ దెగిపోవఁ బెంచలయ్య పగ్గము పట్టుకొని వానిని బండినుండి క్రిందికి లాగి చెంప పగులఁగొట్టెను. ఓబుళప్ప పడుగుగుంజఁ బెఱికెను. మొదటి దెబ్బకే పుఱ్ఱె పగిలినది. రెండవ దెబ్బయు మూఁడవ దెబ్బయు నెందుకు గొట్టెనో వానికే తెలియదు. ఆ యింటి పెద్దకొడుకు, వాని యన్న కదిరప్ప పరుగున వచ్చి తమ్మునిఁ ద్రోసివైచి పెంచలయ్యను భుజముమీఁద వేసికొని నెత్తురు తన వీఁపునిండఁ గాఱుచుండఁ దెచ్చి వెంగళమ్మ యింటి యరుఁగుమీఁదఁ బరుండఁబెట్టెను. ఆమె వచ్చి చూచునప్పటికిఁ గొడుకు కన్నొకటి తెఱచియున్నది. రెండవది లేదు.

వీధితగవు కచేరి కెక్కరాదను కట్టుబాటు చొప్పునఁ గులపెద్దలు కూడి యోబుళప్ప సంవత్సరమువఱకు మంటపపు మెట్లెక్కరాదని శిక్ష విధించి చేతులు దులుపుకొనిరి. నిండుప్రాణమునకు మెట్లెక్కకుండుటయఁట! తీర్పు చెప్పిన పెద్దలలో నొక్కనికైనను గడుపుకోఁత యెట్టిదో తెలిసియుండిన నా నోళ్లు పెగిలియుండవు. వెంగళమ్మ యా తీర్పు విని లేచెను. ఇంటికిఁ బోయి పాఱ తీసికొని కొడుకు కూర్చుండు మగ్గపుగుంటను దన చేతులతోనే మన్ను పోసి పూడ్చెను.

ఆమె మఱఁది చెన్నరాయుఁడు మాత్ర మూరకుండువాఁడు కాఁడు. అన్న పోయిననాఁటినుండి గుంటవారింటి పెత్తన మాతనిది. కోఁతకత్తి యుంచు పెట్టె తాళపుఁజెవియు నాతని మొలనే యుండును. అన్నము తినునపుడును జేయి కడుగుకొనునపుడును నొకటే పాట, పగ తీర్చుకొనవలెనని. ఆరాధన దగ్గఱపడఁగా వదినెగారి యెదుటఁ గూర్చుండి తేటగానే చెప్పెను.

"వదినె, కత్తి నీ చేతికి వచ్చును. మెడ నీ ముందు వంగును. తమ్ముని పాప మన్న మోయవలసినదే గదా. ఇంతకంటె నమ్మ మన కింకేమి చేయవలెను?"

వెంగళమ్మ లేచి పెరటిలోనికిఁ బోయెను. మనసున లేకనా? ఉండెను. బియ్య మేఱునపుడును దీపము పెట్టునపుడును గదిరప్ప మెడ యామె కన్నులకుఁ గట్టుచునే యుండెను. మొద్దుకత్తియే యైనను మొనతోఁ బొడిచినచో దిగకపోవునా యని యామె తలపోసిన దినములును గలవు. కాని కత్తి పట్టనన్న నాచారము చెడును, దిగువవీధివా రది పోరుకేకగాఁ దీసికొందురు. పట్టి పొడిచిన నప్పుడును బోరే. పట్టి యోర్చితినని పలికినఁ గొడుకు నెత్తురునకుఁ దన నోటితోఁ జెల్లుచీటి యిచ్చినట్లగును. ఈ మూఁటిలో నేది చేయవలెనో యారాధననాఁటి యుదయమునఁ గూడ నామెకుఁ దెలియదు. నూలుచిలప చేతఁ బట్టుకొని మంటపమునకు నడచెను.

మొదటి పోఁగు వేయుట పెద్దకోడలి వంతు. వెంగళమ్మ గుంటలో దిగి నాడె యొకమాఱు విసరి లేచివచ్చి యమ్మ విగ్రహము ప్రక్కఁ గూర్చుండెను. ఎగువవాఁడును దిగువవాఁడును నొకరి మొగ మొకరు చూడకయే నాడె మార్చుకొనుచుండిరి. ఎండ ముదిరెను. పందిరిక్రింద గాలి నిలిచిపోయి చెమటవాసనయు మరువపువాసనయుఁ గలసి యుక్కిరిబిక్కిరి చేయుచుండెను. ప్రొద్దు వాలుచుండఁ గదిరప్ప వంతు వచ్చి యతఁడు గుంటలోఁ గూర్చుండఁగా వెంగళమ్మ వానివంకఁ జూడకుండలేకపోయెను. నలువది యేండ్ల దిట్టమైన మనిషి బోడితలతో నుండెను. పెంచలయ్య పోయిననాఁటినుండి యతఁడు తోడఁబుట్టినవాఁడు పోయినట్లు తల గొఱిగించుకొనుచు నేలమీఁదఁ బరుండుచున్నాఁడని యెవరో యామెకుఁ జెప్పియుండిరి. అది యంతయు నలుగురికొఱకుఁ బట్టిన వేషమని యప్పు డామె యుమిసి లోపలికిఁ బోయెను.

ప్రొద్దు పడమటికొండ నంటెను. కడపటి పోఁగు వెంగళమ్మయే వేసెను. డోళ్లు నిలిచినవి. చెన్నరాయుఁడు పళ్లెరములోఁ గత్తిఁ దెచ్చి వదినెముందు నిలిచెను. పసుపును గుంకుమయు గంధమును వ్రేలెఁడు మందమునఁ బూయఁబడియున్నవి. పిడి తక్క నినుము కనఁబడదు. భక్తి యెక్కువై పూసినాఁడని యందఱు ననుకొనిరి. ఎగువవీధి పడుచువాండ్రు కొందఱు చంకలలో బట్టల మూటలు పెట్టుకొని పందిరి నాల్గుమూలలను నిలుచుండుట యెవరును గమనింపలేదు. మెట్లక్రింద నోబుళప్ప నిలిచియుండెను. శిక్ష మెట్లెక్కరాదనియే గాని మెట్లకడ నిలువరాదని కాదు.

కదిరప్ప వచ్చి మోకరించి మెడ వంచెను. వెంగళమ్మ కత్తి చేతఁ బట్టెను. కొట్టిన నిప్పుడే కొట్టవలెను. ఆ మెడ నామె చూచెను. గంజి పట్టించి యింటికి వచ్చి గడపలోఁ గూర్చుండునపుడు పెంచలయ్య మెడమీఁద నిట్లే చెమట బొట్లు బొట్లుగా నిలుచుచుండెడిది. తాను గొంగుతోఁ దుడుచుచుండెడిది. ఇతని మెడక్రింద భుజము కాయగాచియున్నది. ఆ భుజముమీఁదనే గదా తన బిడ్డ కడపటిమాఱింటికి వచ్చెను. తమ్ముని వెంటఁబడి పాఱిపోక యితఁ డా బరువు మోసికొని నేరుగాఁ దన గడపకు వచ్చెనే. ఆ నాఁడు తానేమి చేసినను బడుదునని నిలిచెనే. ఆఱు నెలలుగా వెంగళమ్మ గుండెపైనున్న ఱాయి కదలినట్లయ్యెను. ఆమె యోర్చెను. ఎవరికొఱకును గాదు, ఎవరికి వెఱచియుఁ గాదు, నిజముగనే యోర్చెను. ఓర్చినదని యూరంతయు నెఱుఁగవలెనని, వాఁత నాల్గుకాలములపాటు నిలువవలెనని కత్తిని రెండుచేతులఁ బట్టి దేహబలమంతయుఁ బెట్టి యదిమెను.

కత్తి దిగెను. వెన్నలో దిగినట్లు దిగెను. "ఓర్చి—" యను మాట నోట నుండఁగనే నెత్తురు చిమ్మి యామె మొగముపైఁ బడెను. ఆమె చేతులు వెనుకకు లాగుకొనెను గాని యప్పటికే కదిరప్ప మెడవెనుక మాంసము నోరు తెఱచి నెత్తురు వీఁపున ధారగాఁ బాఱుచుండెను. అతఁడు కేక వేయలేదు. అరచేతులు నేల కానించి యట్లే ముందునకు వ్రాలెను. వెంగళమ్మ కత్తివంకఁ జూచెను. పూఁత తుడిచికొనిపోయిన చోట నంచు తెల్లగా మెఱయుచుండెను. తరములనుండి సాన చూడని యినుమునకుఁ బదును పెట్టఁబడెనని యామెకుఁ దెలిసెను.

"గుంటవారింటి కోడలు పగ తీర్చుకొన్నది!" అని చెన్నరాయుఁడు మంటపము మాఱుమ్రోఁగ నఱచెను. పందిరి మూలలలో మూటలు విడినవి. వానిలోఁ గొడవండ్లు.

తరువాత జరిగినది చెప్పుటకు నోరు రాదు గాని చెప్పక తప్పదు. దిగువవీధివారు పందిరిగుంజలఁ బెఱికి, కాగడాకఱ్ఱలఁ బట్టి, ఏమియు దొరకనివారు పానకపుఁ గాఁగులనే యెత్తి మీఁదఁబడిరి. పందిరి యొకవైపున నొఱిగి తాటాకు లాఁడువారి తలలపైఁ గూలెను. కొడవలి తగిలి చెవి తెగినవాఁ డొకఁడు చెవికై నేలఁ దడవుకొనుచుండ వాని వ్రేళ్లమీఁదుగానే జనము త్రొక్కుకొని పోయెను. ఉదయమున నొకే నాడె నందుకొన్న యిద్ద ఱొకరి గొంతొకరు పట్టుకొని మెట్లమీఁది నుండి దొర్లి పడి పడినచోటనే పొడిచికొనిరి. దిగువవీధి ముసలివాఁ డొకఁడు చేతులు చాఁచి వలదు వలదనుచు నడుమకు వచ్చి గుంజదెబ్బ కణఁతకుఁ దగిలి మఱి లేవలేదు. ఆ గుంజ తనవారిదో పరులదో చూచినవారు లేరు. నేలపైఁ బానకమును నెత్తురును గలసి కాళ్లకు జిగటయై యంటుకొనుచుండెను. పూజారి తంబళయ్య యమ్మ విగ్రహమును గౌఁగిలించుకొని కన్నులు మూసికొని కూర్చుండెను.

ఓబుళప్ప యన్న వ్రాలుట చూచెను. నిషేధమును మఱచి మూఁడంగలలో మెట్లన్నియు నెక్కెను. చెన్నరాయుఁడు కొడవలితో నడ్డము రాఁగా వాఁడు చేతనున్న పందిరిగుంజ నాతని మోకాలిమీఁద వేసెను. ఎముక విఱిగిన చప్పుడు డోలుచప్పుడువలె వినఁబడెను. చెన్నరాయుఁడు కూలఁగా వాఁ డాతనిని దాఁటి వెంగళమ్మ యెదుట నిలిచి గుంజ నెత్తెను. పెంచలయ్యను జంపిన యా చేతులే యిపు డామె తలపైకి లేచినవి. ఆమె కదలలేదు. కదలవలెననియు ననిపింపలేదు. అంతలో నేలపై వ్రాలియున్న కదిరప్ప లేచెను. నెత్తురోడుచుఁ దూలుచు నామెకును దమ్మునికిని నడుమఁ జొచ్చి గుంజ నొడిసిపట్టుకొని విడువలేదు. అన్నదమ్ము లట్లు పెనఁగుచుండఁ జెన్నరాయుఁడు విఱిగిన కా లీడ్చుకొనుచు వెనుకనుండి వచ్చి గుంజఁ బట్టుకొన్న యోబుళప్ప కుడిచేతిని మణికట్టుకడఁ గొడవలితో నఱకెను. చేయి తెగి గుంజతోఁ గూడ మగ్గముమీఁదఁ బడెను. ఓబుళప్ప దానివంకఁ జూచి తనది కానట్లు కొంతసేపు నిలిచి పిమ్మట గోడ కానుకొని జాఱిపోయెను.

వెంగళమ్మ మఱఁదిమీఁదికి వంగెను.

"సాన పట్టినది నీవేనా?"

"నేనే వదినె. నీ చేయి వణఁకునని తెలిసియే పట్టితిని," అని యాతఁడు రొప్పుచుఁ జెప్పెను. కొట్టినఁ గొట్టును, ఓర్చినచో నదుమును, ఎట్లైనను మెడ తెగుననియే తాను లెక్కవేసితినని దాఁచక పలికెను. అన్నకొడుకు కొఱకే చేసితినని కన్నీరు పెట్టుకొనెను. ఆ కన్నీరు కల్ల కాదు. అదియే యామెకు మఱింత యసహ్యమయ్యెను.

కదిరప్ప యీ మాటలు వినెను. మగ్గపుఁగఱ్ఱఁ బట్టుకొని నిలిచి, మెడపై నొకచేయి యదిమిపెట్టుకొని, యామెవంకఁ దిరిగెను. బయటఁ గొట్లాట యింకను మండుచునే యున్నది.

"పెద్దమ్మా, అతఁడేమి చేసినది నా కక్కఱలేదు. నీవు తెలిసి కోసితివా? నీవేమి చెప్పిన నది నమ్మెదను."

వెంగళమ్మ మొగముపైని నెత్తురు తుడుచుకొనలేదు. "ఇందాఁకటివఱకు నిన్నుఁ జంపవలెననియే యుంటిని కదిరప్పా. ఇది యబద్ధము కాదు. కత్తి నీ మెడమీఁదఁ బెట్టినపు డోర్చితిని. ఓర్చితిని గనుకనే యంతగా నదిమితిని."

కదిరప్ప యామె కన్నులలోనికిఁ జూచెను. నమ్మవచ్చునా యని యాతని ప్రాణ మొకసారి వెనుకకు లాగియుండవచ్చును, మనమెట్లు చెప్పఁగలము? ఆతఁడు చేయి చాఁచెను. "అటులైనఁ గత్తి యిమ్ము," అనెను. ఆమె యిచ్చెను.

అతఁడు మగ్గముకడకుఁ బోయి చీర యంచునఁ గత్తి పెట్టి కోయ మొదలిడెను. మొదట మెట్లమీఁదివారు చూచిరి. చూచినవారి మోఁకాళ్లు వారి నడుగకయే వంగినవి. తల్లిపాలు త్రాగునాఁటినుండి యలవడిన యాచారము. కోఁత మొదలైనపుడు నిలువరాదు. ఒకని గొంతుమీఁదఁ గొడవలి పెట్టినవాఁడు కొడవలి నట్లే పట్టుకొని కూర్చుండెను. క్రిందఁ బడియున్నవాఁడును లేచి వాని ప్రక్కనే కూర్చుండెను. మంటపమునుండి పందిరికి, పందిరినుండి వీధికి జనము వరుసగా నేలకుఁ దగ్గెను. అఱపు లడఁగినవి. మూలుగులు మాత్రము వినఁబడుచుండెను. ఎప్పుడును జాముసేపు పట్టెడి కోఁత యా దినమునఁ గొన్ని వేటులతోనే తీఱెను. చీర తెగి కదిరప్ప చేతులలోఁ బడెను. ఆతఁడు దానిని వెంగళమ్మ యొడిలోఁ బెట్టి యక్కడనే చతికిలఁబడెను.

వెంగళమ్మ చీర నొకసారి చేతితో నిమిరెను. ఎఱ్ఱంచు పసుపుచీర, ఇంటింటి నూలు. పిమ్మట నంచు పండ్లఁ గొఱికి పట్టి బలముగా లాగి చించెను. ఆ చప్పుడునకుఁ దంబళయ్య కన్నులు తెఱచి గుండె బాదుకొనెను.

"అయ్యో తల్లీ, అమ్మకుఁ గట్టవలసిన చీర. పేలికలు చేయుదువా?"

"అమ్మ యెదుటనే చేయుచున్నాను. వలదన్న నామెయే చెప్పును."

విగ్రహ మేమియుఁ జెప్పలేదు. వెంగళమ్మ మొదటి పేలికతోఁ గదిరప్ప మెడ కట్టెను. రెండవదానితో మఱఁది మోకాలు కట్టెను; ఆతఁ డేదో చెప్పఁబోఁగా నా బిడ్డ పేరు నీ నోట రానీయకుమని మాత్రము చెప్పి కట్టు ముగించి లేచెను. రెండువీధుల యాఁడువారును దాటాకులక్రిందినుండి బయలువడి యొకరొకరుగా మెట్లెక్కి చేతులు చాఁచి యామె చింపి యిచ్చిన పేలికలఁ దీసికొని తమతమవారికడకుఁ గొందఱును, ఎవరివారో చూడకయే దగ్గఱ నున్నవారికడకుఁ గొందఱును బోయిరి. నిరుటి చీరతోనే నిలుచున్న యమ్మ మొగముపై సంధ్యారాగము పడి యాఱిపోవుచుండెను.

కడపట వెంగళమ్మ గోడకడకు వచ్చెను. ఓబుళప్ప మొండిచేతిని రొమ్మున కదుముకొని పాలిపోయిన మొగముతోఁ గూర్చుండెను. ఆమె వాని ముందు కూర్చుండి వానినే చూచెను. లేచిపోవచ్చును, ఎవరు నేమియు ననరు. అటుపిమ్మట నా చేయి లాగి తన మోకాలిపైఁ బెట్టుకొని పేలిక చుట్టి నెత్తురు నిలుచునట్లు ముడి బిగింపసాగెను. బాధచే వాని పెదవులు నీలివాఱెను. వాఁ డామె మొగమువంకఁ జూడలేక మోకాలివంకఁ జూచుచు నడిగెను.

"పెద్దమ్మా, నన్నును ఓర్చితివా?"

"ఇంకను లేదు. కదలకుము, కట్టు జాఱును," అని యామె పండ్లతో మఱియొక పేలికఁ జించెను.